నిద్రకు గడి లేదు

మూడో నెల దాటినా, ఎదుటి మనిషి ఒంటికి నకలుగా తెర మీద నడిచే ఛాయాదేహంలో అండం విడుదల కాలేదు. డాక్టర్ హైమావతి మాత్రల దారి మూసి సూదుల దారి తెరిచింది. చికిత్సలను పోల్చి చూసే ఈ తులనశాల తెర మీద పన్నెండు నెలలు పావుగంటలో గడిచిపోతాయి. ఏడుపులూ ఎదురుచూపులూ లేని నెలలు, అదొక్కటే సుఖం.

తూనిక యంత్రం గర్భం నిలిచే అవకాశం తేల్చింది: మాత్రలకు నూటికి ముప్ఫై ఒకటి, సూదులకు నలభై నాలుగు. సంతకం గడి పచ్చగా వెలిగింది.

బల్లకవతల సత్యవేణి కొంగు ముడేస్తూ విప్పుతూ కూర్చుంది. రొయ్యల షెడ్డులో పని. ఆరేళ్లుగా నెలసరి దాని ఇష్టం, వస్తే వచ్చినట్టు. పిల్లల కోసం వచ్చిన మనిషికి ఇక్కడ ఒక్క దారే ఇస్తారు. అది తప్పిందా, మళ్లీ ఈ గడప తొక్కే పనిలేదు.

"సూదులే మేలంటోందమ్మా."

"అలాగేనండి. పొద్దున్న మాత్రం వద్దండి, పడుకుంటాను."

హైమావతి చెయ్యి ఆగింది. "పొద్దున్న పడుకోవడమేంటి?"

"ఆయ్, ఎనిమిదేళ్లుగా రాత్రి డ్యూటీయేనండి. ఐసులో చేతులెట్టి తెల్లార్లూ ఒలవడమే."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి."

ఓరి దేవుడో! పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో తానూ ఎవర్నీ అడగలేదు. తూనిక ఛాయాదేహాలన్నిటినీ రాత్రి పదింటికి నిద్రపుచ్చి ఆరింటికి లేపుతుంది. తెర మీద హాయిగా నిద్రపోతున్నది సత్యవేణి కాదు, ఇంకెవరో. వివరాల పత్రంలో నిద్ర వేళ నింపడానికి గడే లేదు.

హైమావతి ఛాయాదేహం గడియారాన్ని రాత్రి మెలకువకు, పగటి నిద్రకు చేత్తో తిప్పి మళ్లీ నడిపింది. సూదులు పద్దెనిమిదికి పడిపోయాయి. పట్టుదల పెరిగి, మందులన్నీ తీసేసి, పగటి డ్యూటీ ఇచ్చి చూసింది. నాలుగో నెలలో అండం దానంతటదే విడుదలైంది.

"ఇది చికిత్స కాదు. సూదులకు సంతకం చేయండి," అంది తూనిక.

"చెయ్యను. చేస్తే ఈవిడ దారి ఖర్చయిపోతుంది." హైమావతి చీటీ రాసి సత్యవేణి చేతిలో పెట్టింది. "మీ మేస్త్రీకివ్వు. నాలుగు నెలలు పగటి డ్యూటీ వేసి తీరాలి. అప్పటికీ కాకపోతే నీ దారి నీకుంటుంది, రా."

సత్యవేణి చీటీని కళ్లకద్దుకుంది. "రాత్రి పడుకుని ఎన్నాళ్లయిందోనండీ!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి హైమావతి మనసు నిండిపోయింది.

సంతకం పడనిదే తూనిక తర్వాతి మనిషిని పిలవదు. వరస ఆగిపోయింది. హైమావతి లేచి తలుపు తీసింది. వసారాలో నలభై మంది ఆడవాళ్లు.

"అమ్మా, మీలో రాత్రి డ్యూటీ వాళ్లెవరో చేతులెత్తండి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇరవై ఆరయ్యాయి.