వణుకు రానీ, చెల్లె

ఇంగ్రేజోళ్ళ రాజ్యం నాటి ముచ్చట. భవాని పేట్‌ల కిష్టయ్య మగ్గం అర్ర దిక్కు దీపాలు పెట్టినంక ఎవ్వలూ పోకపోయేది. మగ్గం గుంటలకెళ్ళి గొంతు వినిపిస్తదని పేరు… వణికే గొంతు.

ఆ గొంతు ఎవలదో నర్సప్పకు ఎరుకే.

భజన మండలిల హార్మోనియం పేటి వాయించే నర్సప్పకు ఒకటే పిచ్చి — పాటల వణుకు ఏడికెళ్ళి పుడ్తది? ఛాతిలనా, కంఠంలనా? కుండ మూతికి గంజితోని కాయితం అంటించి, మీద పసుపు చల్లి, దాని ముందర పాడిపిచ్చేటోడు. పసుపు ఎట్ల ఎగిరిందో వహీ పుస్తకంల రాసుకునేటోడు. పెద్ద విద్వాంసుల లెక్క గమకం గిమకం అనకపోయేది. ‘వణుకు’ అనేటోడు, అంతే.

కిష్టయ్య పెండ్లాం సుందరాబాయిది తేనె గొంతు. గని వణుకు రాకపోయేది. మగ్గం అర్రల కండెలు చుట్టుకుంట, ఆ కుండ ముందర నెల దినాలు పాడింది పాపం.

ఓ వానకాలం సాయంత్రం, మగ్గం గుంటల కూసోని పాడుతు పాడుతు ఆగింది.

“వణుకు వస్తున్నదన్నా…”

“రానీ చెల్లె. ఆపకు.”

ఆపలే. పసుపు చిందులు తొక్కింది. ఆ ఖుషీల నర్సప్ప ఆమె మొఖం సుత చూడలే.

అది చలిజరమని తెల్లారి తెలిసింది. నాలుగో రోజుకు సుందరాబాయి పోయింది. వహీల మాత్రం రాసే ఉన్నది — “ఈ దినం వణుకు మంచిగొచ్చింది.”

కుండ ఆడ్నే విడిచిపెట్టి, నర్సప్ప మళ్ళ ఆ గడప తొక్కలే. ఎవ్వలకూ చెప్పలే. చెప్పే మొఖం ఏది?

మూడు నెలలకు కిష్టయ్యే వచ్చిండు. “మగ్గం మీద కూసోలేకపోతున్న అన్నా. ఆమె పాట నీకే సమజైతది. ఏమడుగుతున్నదో జర చూడు.”

ఆ మాటకు నర్సప్ప పానం సచ్చిపోయింది. అయినా ఆ దినమే దీపాలు పెట్టినంక ఒక్కడే పోయిండు. అర్రల అడుగు పెట్టిండో లేదో… గుంటలకెళ్ళి సన్నగ, వణుక్కుంట —

బయట మిల్లు భోంగా కూత పెడుతున్నది. ఆ మోతకు కుండ మీది కాయితం గుయ్యిమంటున్నది.

“ఓర్నీ, ఇదా…” కాయితం పర్రున చింపిండు. నవ్వొచ్చింది.

భోంగా ఆగింది. కుండ ఆగింది.

గొంతు ఆగలే.

“వణుకు వస్తున్నదన్నా…”

నర్సప్ప గుంట దిక్కు వంగిండు. “తప్పయింది చెల్లె,” అన్నడు. “నాకప్పుడు సమజ్ గాలే.” భుజం మీది గొంగడి తీసి, మనిషికి కప్పినట్టే గుంటల కప్పిండు. గొంతు మెల్లమెల్లగ సద్దుమణిగింది.

తెల్లారి కిష్టయ్యను తోలుకొని పోయి, జరిగిందంత చెప్పి చూపెట్టిండు. రాత్రి వాన లేదు. గుంట ఎండిపోయే ఉన్నది.

గొంగడి మాత్రం… జరం దిగినోళ్ళ పక్కబట్ట తీరు, చెమటతోని తడిసి ఉన్నది.