ఈశ్వరప్ప పెట్టిన గుర్తు

బత్తలపల్లె దాటినాక గుట్ట పక్కన పంపుహౌసు ఉంది చూడండి... పొద్దుగూకితే అటు మేకలోళ్లు కూడా పోరు. నిరుడు ఎండాకాలం, ఎండిన బావిలో మోటారు ఊరికే తిరిగి కాలిపోతుంటే, ఆపబోయిన పంపు కాపలాదారు ఈశ్వరప్ప కరెంటు కొట్టి ఆడనే ప్రాణం వదిలినాడు. తర్వాత కొత్త మోటారు పెట్టి, దానికి కంప్యూటరు తగిలించినారు. అయినా రాత్రిళ్లు అది దానంతటదే ఆగిపోతుందంట. విన్నది చెబుతున్నా, స్వామి సాక్షి!

ఒక రాత్రి కంప్యూటర్లు బాగుచేసే జ్యోతిలక్ష్మిని రైతు ఓబిలేష్ పిలుచుకొచ్చినాడు. ఆయనది బత్తాయి తోట, రెండొందల చీనీ చెట్లు. మూడు రాత్రులుగా తడి లేదు.

“తెల్లారేలోపు నీళ్లు పారకుంటే తోట దక్కదమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా...”

“కాళ్లెందుకన్నా, టార్చి పట్టుకో చాలు.”

మోటారును నడిపే కంప్యూటరులో నాలుగు వేల ఫైళ్లు. పేరు చూసి నమ్మేదానికి లేదు — దెయ్యమూ తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తుంది గదా! అందుకని ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి పొడుగాటి గుర్తు ఒకటి తీస్తారు. లోపల ఒక్క అక్షరం మారినా గుర్తంతా మారిపోతుంది. కంపెనీ ఇచ్చిన అసలు ఫైళ్ల గుర్తుల జాబితా జ్యోతిలక్ష్మి దగ్గరుంది. పోల్చింది.

అన్నీ కలిసినాయి... ఒక్కటి తప్ప. పేరు పాతదే. గుర్తు వేరే.

దాన్ని తీసేసి అసలుది పెట్టింది. మోటారు గుర్రుమంది. “నరసింహా!” అని ఓబిలేష్ కదిరి దిక్కు తిరిగి దండం పెట్టినాడు.

పది నిమిషాలు — ఆగిపోయింది.

మళ్లీ పోల్చింది. అదే ఫైలు. అదే గుర్తు, చివరి అక్షరం దాకా. బయటినుంచి ఎవరూ పంపకుండా ఇంటర్నెట్ వైరు పీకి చేతికి చుట్టుకుంది. తీసేసింది. మళ్లీ వచ్చింది.

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే, మూడో పిలుపుకు గదా మనం పలికేది? మూడోసారి ఆమె తీసేయలేదు... తెరిచింది.

అంకెల నడుమ ఒక్క వరుస తెలుగు —

“నిలుపప్పా ఓబిలేషూ, నీళ్లు అయిపోయినాయి.”

ఓబిలేష్ టార్చి దించినాడు. “ఆ పొద్దు... ఈశ్వరప్ప గోడవతల నుంచి ఇదే అరిచినాడమ్మా. ఇంకొంచేపు తిరగనీ అన్నది... నేనే.”

బావిలోకి టార్చి కొట్టినారు. అడుగున బురద. పైపు గాల్లో వేలాడుతోంది. మూడు రాత్రులుగా, ఆగినప్పుడల్లా ఓబిలేష్ మళ్లీ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. బావికి ఊట ఊరే తీరిక యాడిది?

“ముట్టనులేప్పా,” గొణిగినాడు ఓబిలేష్, బావి గట్టున కూలబడి. “నీళ్లూరినాక... నువ్వే చెప్పు.”

నాలుగు గంటలకు, ఎవరూ ముట్టకుండానే మోటారు గుర్రుమంది. మొదటి చీనీ చెట్టు పాదు తడిసింది.

జ్యోతిలక్ష్మి కడసారి పోల్చింది. నాలుగు వేలకు నాలుగు వేలూ కలిసినాయి, ఆమె తీసేయని ఆ ఫైలుతో సహా.

వైరు ఇంకా ఆమె చేతికే చుట్టి ఉంది.