వంటింటి మలుపులో హారన్

“ఇంట్రోలోనే నీతిబోధ మొదలెట్టావ్. ఆదివారం పూట పాఠకుడు మళ్ళీ పడుకుంటాడు,” అంటూ సబ్‌ఎడిటర్ కాగితాలు వెనక్కి తోసేసింది.

ఆఫీసంతా నవ్వులరాయుడని పిలిచే ఆ విలేకరికి, ఆమె చేత తిట్లు తినడమంటే భలే సరదా. రిటైరైనా పాత ఉద్యోగం అలవాట్లు వదలని వాళ్ళ మీద వ్యాసం రాస్తున్నాడు. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది.

“అయితే నువ్వే ఒకటి చెప్పొచ్చుగా!”

ఆమె టీ తాగుతూ నవ్వింది. “మా నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడా? ఇప్పటికీ వంటింటి మలుపు తిరిగేటప్పుడు నోటితో ‘పాం పాం’ అని హారన్ కొడతాడు. ఎందుకంటే...”

మిగతాది వినే ఓపిక ఎవరికుంది? అతను అప్పటికే తన సీటు దగ్గరున్నాడు. మర్నాడు ఆమెకు సెలవు. ఆమెను ఒక్క మాట అడగకుండానే పేజీ అచ్చుకు వెళ్ళిపోయింది.

ఆదివారం అందరూ పడీపడీ నవ్వారు. పేరు రాయకపోయినా, ఆమె నాన్న ఉండే వీధి వాళ్ళకు ఆమాత్రం తెలియదా? పెద్దాయన పాల ప్యాకెట్టు కోసం బయటికొస్తే పిల్లలు “పాం పాం” అంటూ వెంటపడ్డారు. ఆఫీసులో ఆమె అతనితో మాటలు మానేసింది.

ఉండబట్టలేక ఒక సాయంత్రం వానలో తడుస్తూ వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసింది పెద్దాయనే. ఆ వ్యాసం రాసింది తనేనని అతను చెప్పుకున్నాడు. లోపల ఆయన భార్య చేతికి కట్టుతో కూర్చుని ఉంది.

“మా ఆవిడకి చూపు సరిగా ఆనదు బాబూ. వేడి గిన్నెతో వస్తుంటే, ఎదురుగా నేనున్నానని తెలియాలి కదా! మొన్న సిగ్గేసి హారన్ మానేశాను. ఇద్దరం గుద్దుకున్నాం. చెయ్యి కాలింది.”

“తప్పయిపోయిందండీ.”

“పోనీలే. నవ్వొచ్చేలాగే రాశావు.”

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అసలైన మొదటి వాక్యం ఆ ఇంట్లోనే ఉంది. ఆ రోజు ఆఫీసులో ఇంకో నిమిషం ఆగి వింటే దొరికేది.

సబ్‌ఎడిటర్ అతని వెంట గేటు దాకా వచ్చింది. అతను ఆగి వెనక్కి తిరిగాడు. “నువ్వంటే నాకిష్టం. ఎప్పుడో చెప్పాల్సింది.”

“నాకూ ఇష్టమే. ఇష్టం లేకపోతే మా ఇంటి సంగతి నీకెందుకు చెబుతాను? ఇంకెవరికీ చెప్పలేదు.”

“మళ్ళీ ఎప్పుడైనా చెబుతావా?”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఇప్పుడు నీతో ఏది అనొచ్చో, ఏది అనకూడదో చూసుకుని మాట్లాడాల్సొస్తోంది. అలా ఎలా ప్రేమించను, చెప్పు?”