ముందు జీపులో మాత్రలు

దిల్షాద్‌బీ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే చెప్పింది.

"శుక్రవారం వీరన్నకు పెద్దదినం సార్, కర్మ చేస్తారు. ఆ లోపల మా ఇంటాయన తప్పు లేదని తేలకపోతే, ఆయప్ప ఎనకాలే పంపిస్తామని వాళ్ళ మనుషులు చెప్పినారు."

ప్రొద్దుటూరులో డిటెక్టివ్ పని చేసే ఆదినారాయణ ఒకే ప్రశ్న అడిగాడు. "మీ ఆయన ఏ జీపు తోల్తాండె?"

"ముందుది."

అసిస్టెంటు జిలానీ రాసుకున్నాడు. ఆ ప్రశ్న ఎందుకో అతనికి తెలియలేదు. కానీ సార్ ఊరికే అడగడని పదేళ్ళుగా అతని నమ్మకం.

జమ్మలమడుగు నాయకుడు వీరన్న భార్యతో ఊటీ పోయి, పది రోజులుండి తిరిగొస్తూ ముద్దనూరు దగ్గర గుండెనొప్పితో పోయాడు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవాల్సిన మాత్రలు దగ్గర లేవు. అవి దిల్షాద్‌బీ భర్త, డ్రైవరు షరీఫ్ తోలే ముందు జీపులో దొరికాయి. ఎదుటి పార్టీ వాళ్ళ మాట విని దాచేశాడని ఊరు తేల్చేసింది.

వీరన్న భార్య లక్ష్మీదేవి తలెత్తకుండా జవాబులు చెప్పింది.

"డాక్టరు ఎన్ని మాత్రలిచ్చినాడమ్మా?"

"ఇరవై. ఊటీలో ఒకటీ వాడలేదు. ప్రయాణంలో అన్నీ ఒక్కచోటే పెట్టద్దన్నాడు డాక్టరు. పదహారు డబ్బీలో ఏసి ముందు జీపు అరలో పెట్టి తాళమేసినా. నాలుగు ఆయన బనీనుకు లోపల జేబు కుట్టి దాంట్లో పెట్టినా."

"తాళంచెవి?"

"ఆయన మొలతాడుకే. పోయినాక నేనే ఇప్పి, అందరి ముందరా అర తెరిచినా."

ఆదినారాయణ బనీను అడిగి తీసుకున్నాడు. కుట్టు చెదరలేదు. జేబు ఖాళీ. డబ్బీలో మాత్రలు లెక్కపెట్టాడు. ఇరవై.

వాకిట్లో కూర్చోబెట్టిన షరీఫ్ దగ్గరికి పోయాడు. "దారిలో యాడన్నా నిలిపినారా?"

"పులివెందులలో టీకి నిలిపినాం సార్. మనుషులు ఎదురొచ్చినారు. దిగేముందు అన్న నన్ను పక్కకు చూడమని, అర తెరిచి మూసినాడు. ఆడి నుంచి ఎనక జీపెక్కినాడు. నన్ను ఖాళీ జీపుతో ఐదు మైళ్ళు ముందు పొమ్మన్నాడు. ఎప్పుడూ అంతే."

గురువారం సాయంత్రం ఆదినారాయణ అందర్నీ వసారాలో కూర్చోబెట్టాడు.

"మాత్రలు ఎవరూ దొంగిలించలేదు. తాళంచెవి వీరన్న ఒంటిమీదే ఉంది. జేబులో నాలుగూ ఆయనే తీసి డబ్బీలో పెట్టినాడు. పులివెందులలో ఎదురొచ్చినోళ్ళు కౌగలించుకుంటారు. చేతికి మాత్రలు తగిలితే జబ్బు సంగతి బయటపడుతుంది. తర్వాత, ఎదుటోళ్ళు బాంబేస్తే ముందు జీపుకే తగలాలని ఎనకదాంట్లోకి మారినాడు. నొప్పి వచ్చినప్పుడు తాళంచెవి ఆయన దగ్గరుంది, మాత్రలు ఐదు మైళ్ళ ముందు పోతాండాయి."

లక్ష్మీదేవి బనీను తీసుకుని ఆ జేబులో వేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

వీరన్న తమ్ముడు సంజీవయ్య మాత్రల డబ్బీకి మూత పెట్టాడు. "నువ్వు చెప్పింది నిజమే సారూ," అన్నాడు.

జిలానీ ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే సోమవారం నామినేషన్. మా అన్న జబ్బు దాచుకుని సచ్చినాడంటే నా ఎనకాల ఎవరు నడుస్తారు? షరీఫూ, నిన్నేమీ అనంలే. ఎదుటోళ్ళు ఆస్పత్రికి పోనీకుండా జీపుకు అడ్డం పడినారని రేపు స్టేషన్లో చెప్పు. పేర్లు మేం రాసిస్తాం."

"నేను ముందు జీపులో ఉంటి గదన్నా. నేనేం చూసింటా?"

"చూసినావు."

షరీఫ్ ఆదినారాయణ వైపు చూశాడు. సార్ ఇప్పుడు ఏదో అడుగుతాడని జిలానీ పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. ఆదినారాయణ కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు.

"చెప్తాలే అన్నా," అన్నాడు షరీఫ్.

పొద్దున స్టేషన్‌కు కర్మ మొదలయ్యే లోపలే రెండు జీపులు బయల్దేరాయి. సంజీవయ్య మనుషులతో వెనకదాంట్లో ఎక్కాడు. దిల్షాద్‌బీ రోడ్డు పక్కన నిలబడి చూస్తోంది. షరీఫ్‌కు ముందు జీపు తాళంచెవి ఇచ్చారు.