దేవుడి దగ్గర పెట్టిన క్యారేజీ

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే పాల్వంచలోని ఆ ఇంటి పోపు వాసన వీధి చివరిదాకా పోయింది. రాజ్యశ్రీ చీకటితోనే లేచి పులిహోర, నువ్వుల సద్ది, పెరుగన్నం కలిపింది. ఇంత హడావిడీ కూతురు లిఖిత కోసమే. లిఖిత అడవిలో ఇప్పలగుంపు అనే గూడెంలో టీచరు. దసరా సెలవులే అయినా, బడిపిల్లలతో బతుకమ్మ ఆడతానని మాటిచ్చి కూర్చుంది.

"పులిహోరల పల్లీలు ఇంకిన్ని వెయ్యమ్మా. మా వనజ అన్నం వదిలేసి పల్లీలే ఏరుకుంటది," అంది లిఖిత జడ అల్లుకుంటూ.

"కన్నబిడ్డ నువ్వా, ఆ వనజా? పొద్దున లేస్తే దాని ముచ్చటే," అని రాజ్యశ్రీ విసుక్కున్నట్టు విసుక్కుని ఇంకో గుప్పెడు వేసింది. వనజ ఒకటో తరగతి పిల్ల. బడిలో మధ్యాహ్నం వంట చేసే జంపక్కకు మనవరాలు.

సద్దులన్నీ రెండు గిన్నెల స్టీలు క్యారేజీలో సర్ది, దేవుడికి నైవేద్యం పెట్టమని అత్తగారు పున్నమ్మకు ఇచ్చింది. పున్నమ్మ దాన్ని పూజగదిలో పెట్టి, మూతకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె చేతికి ఏది అందినా బొట్టు పెట్టకుండా వదలదు.

బయట రాజ్యశ్రీ భర్త వెంకటకృష్ణ కారు కడుగుతున్నాడు. మర్నాడు ఆయుధపూజ. ఆయనది బీడీలు చుట్టే తునికాకు వ్యాపారం. ఆకు కోసం అడవి దారుల్లో తిరగని రోజుండదు. ఆ తిరుగుడులో ఒక రివాల్వరు ఆయన వెంటే ఉంటుంది. లైసెన్సు ఉన్నదే. కాకపోతే దాన్ని పెట్టుకునే పద్ధతే రాజ్యశ్రీకి కంటిలో నలుసు. సీటు పక్కన, ఎడమ చేతికి అందేలా ఒక స్టీలు క్యారేజీ ఉంటుంది. అందులో పై గిన్నె ఖాళీ. కింది గిన్నెలో తువ్వాలు చుట్టిన రివాల్వరు. చూసినవాడు అన్నం క్యారేజీ అనుకుంటాడు. క్లిప్పు లాగితే చాలు, చేతిలోకి వస్తుంది.

దానికీ ఒక కారణముంది. చాలా ఏళ్ల కింద ఆయన తండ్రి వెంకటరామారావును ఇప్పలగుంపుకు పోయే అడవి దారిలో, ఒక మలుపు దగ్గర ఎవరో కారుకు అడ్డం పడి కొట్టారు. అప్పుడూ రివాల్వరు కారులోనే ఉంది. డాష్‌బోర్డు పెట్టెలో తాళమేసి ఉంది. ఆ తాళంచెవి కారు తాళంచెవి గుత్తిలోనే వేలాడుతోంది. పక్క సీట్లో ఉన్న కొడుకు ఆ గుత్తి ఊడదీసి, చెవి వెతికి, పెట్టె తెరిచేలోపల తండ్రి కాలు విరిగింది. పెద్దాయన పోయేదాకా కుంటుతూనే నడిచాడు. చేతికందని తుపాకీ ఎందుకురా అని కొడుకును అడుగుతూనే పోయాడు.

"సీటు కింద బోల్టులేసి బిగించే పెట్టెలు వచ్చినయట. వేలు పెడితేనే తెరుచుకుంటదట, మీ వేలు తప్ప ఇంకోటి పనిచెయ్యదట. అది పెట్టించుకోరాదూ?" అని రాజ్యశ్రీ ఎన్నిసార్లు పోరిందో.

"చెమట పట్టిన వేలుకు తెరుచుకోకపోతే? నా క్యారేజీ జోలికి రాకు," అనేవాడు ఆయన. ఆ మాటతో మాట బందు.

నీళ్లు పడతాయని ఆయన ఆ పొద్దున క్యారేజీని కారులోంచి తీసి పూజగదిలో పెట్టాడు. ఎలాగూ ఆయుధపూజే కదా, ఒకరోజు ముందే దేవుడి దగ్గరుంటే మంచిదే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లి భయపడుతుందట. ఆ రెండు క్యారేజీలూ ఒకే పెళ్లిలో వచ్చిన కానుకలు, అచ్చు ఒకేలా ఉంటాయి. కాసేపటికి పున్నమ్మ హారతి ఇవ్వడానికి వెళ్లి, కొత్తగా వచ్చినదానికీ బొట్టు పెట్టేసింది.

"ఇంకా ఎంతసేపే నాయనమ్మా, పిల్లలు ఎదురుచూస్తుంటరు," అని లిఖిత స్కూటీ మీద కూర్చుని హారన్ కొట్టింది.

పున్నమ్మ ముందున్న క్యారేజీ తెచ్చి స్కూటీ కొక్కేనికి తగిలించింది. "దేవుడి దగ్గర పెట్టింది తల్లీ, దారిలో కింద పెట్టకు," అంది.

లిఖిత వెళ్లిపోయింది. కారు తుడవడం అయ్యాక వెంకటకృష్ణ, "భద్రాచలం గోదాం దాకా పోయొస్త. పూజగదిల క్యారేజీ ఉంది, ఇటియ్యి," అన్నాడు.

రాజ్యశ్రీ వెళ్లి క్యారేజీ ఎత్తింది. అడుగున వెచ్చగా తగిలింది. అరచేయి అక్కడే ఆగిపోయింది. మూత తీసింది. పులిహోర. పైన గుప్పెడు పల్లీలు.

ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దానికి వెంకటకృష్ణ చెప్పులతోనే పూజగదిలోకి వచ్చాడు. చూశాడు. ఏమీ అడగకుండానే కారు వైపు పరుగెత్తాడు. రాజ్యశ్రీ ఆ సద్ది క్యారేజీని ఒడిలో పెట్టుకుని పక్క సీట్లో పడింది. తను ఏం చేశానో ఇంకా తెలియని పున్నమ్మ, "ఏందిరా, ఏమైంది?" అంటూ గేటు దాకా వచ్చింది.

లిఖితకు ఫోన్ చేస్తే మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేస్తే అందుబాటులో లేదంది. చెక్‌పోస్టు దాటితే ఎవరి ఫోనూ పలకదు.

"గుండ్లు తీసినరా?" అని అడిగింది రాజ్యశ్రీ.

ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"మిమ్మల్నే. గుండ్లు తీసి పెట్టినరా లేదా?"

"ఎప్పుడు తీసిన్నని ఇవ్వాళ తీస్త?"

"చెక్‌పోస్టుకు ఫోన్ చెయ్యుండ్రి. బండి మీద ఎవరినన్న పంపి స్కూటీని ఆపమనుండ్రి."

"ఆగు. లైసెన్సు నా పేరు మీదుంది. దాని చేతిల దొరికితే కేసు దాని మీదైతది. గవర్నమెంటు కొలువు. పోతది."

"పోతే పోనీ. పిల్ల పోతేనో?"

"నేను పోతున్న కదా. పది మందికి తెల్వకుండ తెచ్చుకుంట."

"మీ పరువు మన్నుగాను. అక్కడ ఇంతింత పిల్లలున్నరు. పల్లీల కోసం చేతులు పెట్టే పిల్లలు. తెలుసా మీకు?"

రాజ్యశ్రీ ఇంక ఆగలేదు. తనే మండలం పోలీసుస్టేషను నంబరు నొక్కింది. అప్పటికే ఫోనులో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. ఇద్దరూ వాదులాడుకుంటున్న ఆ కాసేపట్లోనే చెక్‌పోస్టు దాటిపోయింది. ఆ సంగతి గ్రహించి వెంకటకృష్ణ స్టీరింగ్‌ను గట్టిగా కొట్టాడు.

పెద్దాయనను కొట్టిన మలుపు వచ్చింది. అక్కడ వెంకటకృష్ణ ఎప్పుడూ వేగం తగ్గించడు. ఎడమ చెయ్యి తనంతట తానే సీటు పక్కకు వెళ్లి ఖాళీని తడిమింది. ఇన్నేళ్లూ ఆ చేతిని చూసినప్పుడల్లా రాజ్యశ్రీకి జాలేసేది. ఇవ్వాళ ఒళ్లు మండింది. అమ్మా పెద్దమ్మతల్లీ, ఆ మూత తెరవనీయకు, ఇంకేం అడగను అని దారి పొడుగునా మొక్కుతూనే ఉంది.

ఇప్పలగుంపు బడి ముందు పాట వినిపించలేదు. కారు ఆగీ ఆగకముందే రాజ్యశ్రీ దిగింది. వాకిట్లో తంగేడు పూల బతుకమ్మ నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. పిల్లలంతా గోడకు ఆనుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. జంపక్క వరండాలో కూలబడి వనజను గుండెకు అదుముకుని ఊగుతోంది.

లిఖిత మెట్టు మీద కూర్చుంది. ఒళ్లో క్యారేజీ. తన చున్నీని దాని చుట్టూ తిప్పి తిప్పి, ముడి మీద ముడి వేసి, రెండు చేతులతో వాటేసుకుని ఉంది. తల్లిని చూసినా ఆమె కళ్లు కదల్లేదు.

"నీకేం కాలేదు కదా? ఎవరికీ ఏం కాలేదు కదా?" రాజ్యశ్రీ కూతురి ఒళ్లంతా తడిమింది. అందరూ ఉన్నారు. నెత్తురు ఎక్కడా లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు.

వెంకటకృష్ణ మోకాళ్ల మీద కూర్చుని చున్నీ విప్పబోయాడు. ఒక ముడి విప్పితే కింద ఇంకో ముడి. వేళ్లు జారిపోతున్నాయి. వెనకటి రోజున తాళంచెవి దొరకని చేతులే అవి. పెట్టె తెరుచుకోవడం ఆలస్యమైనందుకు ఆయనకు కోపం రాకపోవడం జీవితంలో అదే మొదటిసారి. చివరికి తెరిచి, అందరికీ వీపు తిప్పి, గుండ్లన్నీ తీసి రుమాల్లో కట్టి జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు, తలెత్తకుండా.

లిఖిత చెప్పలేకపోయింది. జంపక్క ఒడిలోంచి వనజే చెప్పింది.

"నేను పల్లీల కోసం మూత తీసిన. పై గిన్నెల ఏం లేదు. కింది గిన్నెల, తువ్వాల్ల దీపావళి తుపాకి ఉన్నది. టీచర్ను బెదిరిద్దామని నొక్కిన. మస్తు గట్టిగున్నది. రెండు చేతులు పెట్టి నొక్కిన. అయినా నొక్కుకోలే."

బడి వెనక ఎక్కడో కోడి కూసింది.

"నా ఎదురుంగనే నిలబడ్డది నాన్నా," అంది లిఖిత, చాలా నెమ్మదిగా. "నవ్వుకుంట నొక్కుతుంది. నాకు తెలుసు అదేందో. అరిస్తే భయపడి ఇంకా గట్టిగ నొక్కుతదేమోనని నేనూ నవ్విన. నవ్వుకుంటనే దాని చేతులకెల్లి తీసుకున్న. నన్ను కాపాడాల్నని పెట్టుకున్నవు కదా అది? ఈ పిల్ల వేలికి బలం లేక నేను బతికున్న."



జంపక్క కళ్లు తుడుచుకుని ఆయన వైపు చూసింది. "టీచరమ్మ పోతే మీకు పుట్టెడు దుఃఖం. ఒప్పుకుంట సారూ. మరి నా పిల్ల? పల్లీల కోసం మూత తీసిన పిల్లను, టీచర్ను చంపిన పిల్ల అని బతికినన్ని రోజులు అంటుండిరి కదా."

ఆ మాటకు ఆయన అలాగే నేల మీద కూలిపోయాడు. తండ్రి కాలు విరిగిన రోజు కూడా అంత ఏడవలేదు. వనజ ఒడిలోంచి దిగి వచ్చి, ఆయన ముందు నిలబడి, "నేనే తీసిన. టీచర్ను కొట్టకుండ్రి," అంది. ఆయన ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, ఆ చిన్న వేళ్లను కళ్లకు అద్దుకున్నాడు.

రాజ్యశ్రీ కారులోంచి సద్ది క్యారేజీ తెచ్చింది. మూత తీయడానికి ఆమెకే చేతులు రాలేదు. జంపక్క తీసింది. బతుకమ్మ చుట్టూ నాలుగడుగులు వేసి, వాగులో వదిలి వచ్చి, పిల్లలు సద్ది తిన్నారు. వనజ పల్లీలు ఏరుకుంది. లిఖిత మాత్రం ఒక్క మెతుకు ముట్టలేదు.

బయలుదేరేముందు జంపక్క ఆ క్యారేజీ కడిగి, అడవి సీతాఫలాలు నింపి రాజ్యశ్రీ చేతికిచ్చింది. "పండగపూట ఉత్త గిన్నె పంపుతమా అమ్మా," అంది. ఆమె గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా పంపింది.

లిఖిత స్కూటీ అక్కడే వదిలి వెనక సీట్లో కూర్చుంది. వెంకటకృష్ణ తిన్నగా మండలం పోలీసుస్టేషనుకు పోనిచ్చాడు. రివాల్వరు, గుండ్లు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి, తప్పంతా నాది, నా బిడ్డకు తెలియదు అని రాసిచ్చాడు. లైసెన్సు ఉంటుందో పోతుందో పైవాళ్లు చూస్తారన్నారు. సరేనన్నాడు.

కారెక్కాక రాజ్యశ్రీ అడిగింది. "లైసెన్సు ఉంచితే? పెట్టె బిగించుకొని మళ్లీ తెచ్చుకుంటరా?"

"ముందు పెట్టె బిగించనీ. తెచ్చుకోవాల్నో వద్దో లిఖిత చెప్తది," అన్నాడు ఆయన.

మలుపు వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ సీటు పక్కకు వెళ్లింది. అక్కడ క్యారేజీ తగిలింది. రాజ్యశ్రీ సీతాఫలాల క్యారేజీని అక్కడే పెట్టింది. ఆయన చెయ్యి కాసేపు దాని మీదే ఉంది. తర్వాత, తండ్రిని కొట్టిన నాటినుంచి ఒక్కనాడూ ఆగని చోట, వెంకటకృష్ణ కారు ఆపాడు.

"ఇక్కడెందుకు ఆపినరు?" రాజ్యశ్రీ కంగారుపడింది.

ఆయన క్యారేజీ పట్టుకుని దిగాడు. రోడ్డు పక్కన, ఏ చాటూ లేకుండా కారు ముందు దాన్ని పెట్టి, క్లిప్పు లాగి, మూత తీశాడు. పండొకటి తీసి రెండుగా విప్పాడు. వెనక తలుపు తెరిచి సగం లిఖితకు చాపాడు. చుట్టూ అడవి, వెనకా ముందూ ఒక్క బండి లేదు.

"భయమైతలేదా నాన్నా?" అంది లిఖిత.

"అయితుంది బిడ్డా," అన్నాడు. "మస్తు భయమైతుంది. నువ్వు తిను."

లిఖిత పొద్దుటినుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు బయటపడింది. ఏడుస్తూనే తండ్రి చేతిలోంచి పండు తీసుకుంది. ఆమె తినేదాకా ఆయన అక్కడే, ఉత్త చేతులతో నిలబడ్డాడు.