గొంతు కింద ఊపిరి

తలుపు కొట్టడం కూడా మరిచిపోయి లోపలికి దూసుకొచ్చింది ఆ నర్సు. ఒంటి మీద యూనిఫాం అలాగే ఉంది. డ్యూటీ మధ్యలోనే వచ్చేసినట్టుంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని వెనకే ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతిలో ఫోను ఆగకుండా వణుకుతోంది. అది వణికినప్పుడల్లా ఆ అమ్మాయీ ఉలిక్కిపడుతోంది.

"భూతద్దం మేడం మీరేనా?" అంది నర్సు ఆయాసపడుతూ.

డిటెక్టివ్‌కి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆమె దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. ఉన్నదల్లా ఒక కళ్ళజోడు. దాన్ని ఎక్కడ పెట్టి మరిచిపోయిందో వెతికివ్వడం అసిస్టెంటు ఉద్యోగంలో సగం. ఆమె తెలివి చూసి నోరు వెళ్ళబెట్టడం మిగతా సగం. రెండు పనులూ అతను ఎంతో శ్రద్ధగా చేస్తాడు.

"నేనేనమ్మా, కూర్చోండి. నువ్వు ముందు ఆ ఫోను ఇలా ఇవ్వు తల్లీ," అంటూ డిటెక్టివ్ దాన్ని తీసుకుని సొరుగులో పడేసి మూసేసింది. అమ్మాయి అప్పటికి కుర్చీలో కూర్చోగలిగింది.

"ఇది మా అక్క కూతురండీ. నా దగ్గరే ఉండి చదువుకుంటోంది," అని అందుకుంది నర్సు. "యూనివర్సిటీ రేడియోలో వార్తలు చదువుతుంది. దీని గొంతంటే మా వార్డులో పేషెంట్లు చెవి కోసుకుంటారు. అలాంటిదాన్ని తోటి పిల్లలు కాల్చుకు తింటున్నారు. అన్నం లేదు, నిద్ర లేదు. చదువు మానేస్తానంటోంది!"

"పిన్నీ, నేను చెప్తా," అంది అమ్మాయి. గొంతు బొంగురుపోయినా మాటలో స్పష్టత పోలేదు. "ఎవరిదో తెలియని నంబరు నుంచి మా క్లాసు గ్రూపులో ఒక క్లిప్పు వచ్చింది మేడం. అందులో మాట్లాడేది నేనే. మా వాళ్ళందర్నీ తిడుతున్నా. అప్పట్నుంచి నా ఫోటోకి గాడిద చెవులు పెడుతున్నారు, బూతులు పంపుతున్నారు. పొమ్మంటున్నారు, చావమంటున్నారు. ఈ సాయంత్రం వార్తల్లో మైకు ముందు క్షమాపణ చెప్పాలట. లేకపోతే రేడియోలోంచి తీసేస్తానన్నారు హెడ్డు గారు."

"నువ్వు అన్నావా ఆ మాటలు?"

"అనలేదు మేడం. కానీ గొంతు నాదే. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒళ్ళు తెలియకుండా అన్నానేమోనని నా మీద నాకే అనుమానం వస్తోంది. అదే భరించలేకపోతున్నా."

ఆ చివరి మాటకి డిటెక్టివ్ ముఖం ఎర్రబడింది. మామూలుగా ఆమెకు కోపం రాదు, వస్తే మాత్రం ఆ కేసు ఆగదు. అసిస్టెంటు హుషారుగా చొక్కా చేతులు మడిచాడు.

సొరుగు తెరిచి, ఆ ఫోనులోనే క్లిప్పు పెట్టించుకుని విన్నారు. డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. చిన్నదే. "వీళ్ళంతా ఒట్టి గాడిదలు. మన పొట్టోడి గొంతు వింటే చెవులు మూసుకోవాలి. వీళ్ళెవరూ నా పక్కన కూర్చోడానికి పనికిరారు." అంతే.

"అచ్చం ఈ అమ్మాయే మేడం," అన్నాడు అసిస్టెంటు కాస్త ఇబ్బందిగా. "ఎక్కడా అతుకు లేదు. ఊపిరి కూడా వినిపిస్తోంది. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది."

డిటెక్టివ్ కళ్ళు తెరిచింది. "ఊపిరా? ఎక్కడ విన్నావు?"

"'గాడిదలు' అంటోంది చూడండి, సరిగ్గా ఆ మాట అడుగున. సన్నగా, ఈల వేసినట్టు."

ఆమె ఇంకోసారి విని నవ్వింది. "నీ చెవులకి దండం పెట్టాలి అబ్బాయ్. పద, యూనివర్సిటీకి!"

*

రేడియో వాళ్ళది రెండు గదుల సంసారం. లోపలి గదికి గోడల నిండా స్పాంజి, మధ్యలో మైకు. బయటి గదిలో రికార్డింగు మెషీను. రెండిటికీ మధ్య మందపాటి అద్దం.

ముందు దొరికినవాడు పొట్టోడు. పేరుకే పొట్టి, గొంతు మాత్రం గది దాటి వినిపిస్తుంది. ఆ అమ్మాయితో కలిసి ప్రోగ్రాములు చేసేది అతనే.

"పక్కనే కూర్చుని ఇన్నాళ్ళూ నవ్వుతూ మాట్లాడింది మేడం! లోపల ఇంత విషం ఉందని ఎవరికి తెలుసు? అవును, నేనూ తిట్టాను, మెసేజీలు పెట్టాను. ఎందుకు పెట్టకూడదు?"

"మెషీను పని వచ్చా నీకు?"

"ఆ బటన్లు ముట్టుకుంటే అక్క చేతులు విరిచేస్తుంది. మా సీనియరు. ఎడిటింగు అంతా అక్కదే. అక్కకి కొంచెం పిచ్చి కూడా లెండి. రికార్డింగుకి ముందు మమ్మల్ని కాసేపు బొమ్మల్లా నిలబెడుతుంది. కదలకూడదు, మెదలకూడదు. నా కథల ప్రోగ్రాం రోజు పడిశం పట్టి ముక్కు ఈల వేస్తున్నా వదల్లేదు! లోపల ఒక్కణ్ణే నిలబడి చచ్చాను."

"మళ్ళీ ఎప్పుడైనా పడిశం పట్టిందా?"

"లేదు మేడం. ఎందుకు?"

"ఆరోగ్యం జాగ్రత్త," అంది డిటెక్టివ్. అసిస్టెంటు ఆమె చెవిలో "వీడే మేడం, రాసిచ్చేస్తాను" అని గుసగుసలాడాడు. ఆమె పట్టించుకోలేదు.

అక్క నెమ్మదైన మనిషి. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, అప్పుడు కూర్చుంది. బొమ్మల్లా నిలబెట్టే సంగతి అడిగితే నవ్వింది.

"గదికో నిశ్శబ్దం ఉంటుందండీ. అది కొంచెం పట్టి దాచుకుంటాను. మాటలు కోసి అతికేటప్పుడు అడుగున పరిస్తే అతుకు తెలియదు. లేకపోతే మాటకీ మాటకీ మధ్య చెవి గోతిలో పడ్డట్టుంటుంది."

"మీ వాళ్ళందరూ ఇలాగే చేస్తారా?"

"వాళ్ళకి అంత ఓపికెక్కడిది? నాకు మాత్రం అతుకు వినపడితే ముద్ద దిగదు."

"ఆ క్లిప్పులో అతుకులు ఉన్నాయంటారా?"

"నేను వినలేదండీ. అది నాకు సొంత చెల్లెలి లెక్క. దాని మీద చల్లే బురద నేను చెవిన కూడా వేసుకోలేదు."

గోడ మీద ఒక ఫోటో ఉంది. మైకు ముందు కూర్చుని నవ్వుతున్న ఒక అమ్మాయి. "అది మీరే కదూ?" అంది డిటెక్టివ్.

"ఒకప్పుడు," అంది అక్క. లేని దుమ్మును మెషీను మీంచి తుడిచింది.

*

వార్తల వేళకి ముందు డిటెక్టివ్ అందరినీ లోపలి గదిలోకి పిలిపించింది. హెడ్డు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నర్సు అమ్మాయి పక్కన కాపలా కాస్తోంది. పొట్టోడు, అక్క, క్లాసు పిల్లలు గోడల వెంబడి సర్దుకున్నారు. అమ్మాయి లోపలికి వస్తుంటే ఎవరో గాడిదలా ఓండ్ర పెట్టారు, ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఆ క్లిప్పు దొంగది," అంది డిటెక్టివ్ ఉపోద్ఘాతం లేకుండా. నవ్వులు ఆగిపోయాయి. "చేసినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. అందులో ఈ పొట్టబ్బాయి జాడ స్పష్టంగా దొరికింది."

పొట్టోడి ముఖం పాలిపోయింది. "నేనా? అమ్మతోడు, నేను కాదు!"

అప్పటిదాకా అమ్మాయిని చూసి నవ్వినవాళ్ళు ఒక్కసారిగా అతని మీద విరుచుకుపడ్డారు. "ఛీ, నువ్వా!" "నిన్ను నువ్వే తిట్టుకున్నావా తెలివిగా?" జేబుల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి. అక్క నిట్టూర్చి తల ఊపింది.

"నేనూ అదే అనుకున్నాను," అంది బాధగా. "ఆ ఈల వాడి ముక్కుదే. కథల ప్రోగ్రాం రోజు వాడికి పడిశం."

డిటెక్టివ్ గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "ఏ ఈల అమ్మా?"

అక్క చూపు అద్దం వైపు తప్పుకుంది.

"నేను జాడ అన్నాను, ఈల అనలేదు. క్లిప్పు మీరు చెవిన కూడా వేసుకోలేదన్నారు. అందులో ఈల ఉందని ఎలా తెలిసింది?"

అక్క ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది.

"మావాడు ఊపిరి విని, ఇది నిజమైన మాటే అనుకున్నాడు," అంది డిటెక్టివ్. ఆమె గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "నాకు అక్కడే అబద్ధం దొరికింది. ఆ ఊపిరి మాటల మధ్యలో లేదు, మాట అడుగున ఉంది. మీరు ఎవరైనా సరే, గాలి లోపలికి పీలుస్తూ 'గాడిదలు' అనండి చూద్దాం."

హెడ్డు గారితో సహా అందరూ ప్రయత్నించారు. ఎవరికీ మాట తిన్నగా రాలేదు. నర్సుకి దగ్గొచ్చింది.

"రాదు కదా! అంటే మాట్లాడింది ఒకరు, ఊపిరి పీల్చింది ఇంకొకరు. మాటలేమో ఈ అమ్మాయి నాటకాల్లోంచి, ప్రోగ్రాముల్లోంచి కోసినవి. ఊపిరేమో పడిశం పట్టిన అబ్బాయిది. అతను లోపల ఒంటరిగా నిలబడి ఉంటే, అద్దానికి అవతల నుంచి ఆ నిశ్శబ్దాన్ని పట్టింది ఎవరు? పట్టి దాచుకునే అలవాటు ఎవరికి ఉంది? ఎడిటింగు రానివాళ్ళు చేసి ఉంటే అతుకులు వినపడేవి, వదిలేసేవాళ్ళు. ఈమె వదల్లేకపోయింది. మంచి పనిమంతురాలు, దొంగపని కూడా శుభ్రంగా చేసింది. పరిచిన ఆ నిశ్శబ్దంలో ఒక మనిషి ఊపిరి ఉందని విన్నది కూడా. మాట కింద అది కలిసిపోతుందనుకుంది."

అక్క కూర్చుండిపోయింది. "ఆ కుర్చీ నాది," అంది నేల చూస్తూ. "ఇది వచ్చాక నన్ను అద్దం వెనక్కి పంపారు. రోజూ దీని గొంతు నేనే కోసి, కడిగి, మెరుగు పెట్టాలి. నాలుగు తిట్లు పడితే చాలనుకున్నాను. ఇంత దూరం పోతుందనుకోలేదు."

"నన్ను చెల్లీ అని పిలిచేదానివి," అంది అమ్మాయి. ఏడుపు రాలేదు. "నేను పిచ్చిదాన్నయిపోయాననుకున్నా అక్కా."

హెడ్డు గారు గొంతు సవరించుకుని, అక్కను తనతో రమ్మన్నారు. వెళ్ళబోతూ, క్షమాపణ అక్కర్లేదనీ, తొందరపడింది తనేననీ అమ్మాయితో అన్నారు. పిల్లలు కూడా మెల్లగా తలుపు వైపు జరిగారు.

"ఆగండి," అంది డిటెక్టివ్. "క్లిప్పు ఒక్కరే చేశారు. ఆ తరవాత వచ్చిన మెసేజీలు?"

అసిస్టెంటు సొరుగులోంచి తెచ్చిన ఫోను అమ్మాయి చేతికిచ్చాడు. ఆమె దాన్ని తెరిచి, ఒక మెసేజీ దగ్గర ఆపి, పొట్టోడి ముందు పెట్టింది.

"ఇది నువ్వు పంపిందే. మైకు ఆపే ఉందిలే, బయటికి వినపడదు. పైకి చదువు."

"వద్దే..."

"చదవరా."

పొట్టోడు ఫోను అందుకున్నాడు. గది దాటి వినిపించే ఆ గొంతు మొదటి మాట దగ్గరే పూడుకుపోయింది. రెండోసారి మొదలుపెట్టాడు. ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. గోడల వెంబడి నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు తీసి, తాము పంపినవి చూసుకుంటున్నారు. పైకి చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

నర్సు చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. అసిస్టెంటు కూడా ముఖం అటు తిప్పుకున్నాడు.

అమ్మాయి గడియారం చూసింది. పొట్టోడి దగ్గర్నుంచి ఫోను తీసుకుని ఆపేసి, మైకు ముందున్న కుర్చీ లాక్కుంది.

"లేవరా పొట్టోడా, ముక్కు తుడుచుకో," అంది. "వార్తల టైమైంది."