వెచ్చని ఇల్లు అద్దెకివ్వబడును

ఉదయం ఏడింటికి ఇంజనీరు వంటగదిలో బోర్లా పడున్నాడు. ఊపిరుంది. స్పృహ లేదు. అంబులెన్స్ తీసుకెళ్లింది.

ఆయన భార్య పోలీసులకి ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది. ఓనరమ్మ విషం పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ పరాయి దేశం మొత్తానికి మన భాష వచ్చిన పోలీసు ఆయనొక్కడే. ఆయనకి ఆ రోజు జలుబు. ముక్కు ఎంత ఎర్రగా ఉందంటే, కారు మీద లైటు పెట్టాల్సిన పనిలేదు.

పొలాల మధ్య ఒంటరి ఇల్లు. ఓనర్లు వెనక షెడ్డులో సర్దుకుని, మనవైపు నుంచి ఉద్యోగాలకొచ్చే వాళ్ళకి ఇల్లు అద్దెకిస్తున్నారు. అద్దెల వ్యాపారం మీద వచ్చిన వీసా వాళ్ళది, అద్దెకి మనుషులుంటేనే చెల్లుతుంది. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా చలికి పారిపోయారు. ఈ ఇంజనీరూ ఖాళీ చేస్తే ఓనర్లిద్దరూ దేశం వదలాల్సిందే. వెళ్ళడానికి చోటు లేదు. మన దేశంలో ఉన్నదంతా అమ్మే ఈ ఇల్లు కొన్నారు.

ఓనరమ్మ రాత్రి సూప్ పంపిన మాట నిజమేనని ఒప్పుకుంది.

"మీరు తాగారా?" ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు భార్యని అడిగాడు.

"సింకులో పోశాం."

"ఆయన కూడా తాగలేదా?"

"ఆవిడ సూప్ ఒకసారి తాగినవాళ్ళు రెండోసారి తాగరు సార్."

ఓనరమ్మ మొహం మాడిపోయింది. హత్యాయత్నం కేసులోంచి ఆవిడని ఆవిడ వంటే బయటపడేసింది.

ఇంజనీరు భార్య తల పట్టుకుంది. రాత్రంతా మేడమీద ఇదే తలనొప్పట. బయటికొస్తే తగ్గుతోందట, లోపలికెళ్తే మళ్ళీ మొదలట.

ఇన్‌స్పెక్టర్ ఆమెని వెంటనే వాకిట్లో కూర్చోబెట్టాడు. తలుపులన్నీ బార్లా తీయించాడు. వంటగదిలోకెళ్లి చూస్తే కిటికీ అద్దాలు లోపలివైపు చెమటలు కారుతున్నాయి. గ్యాస్ హీటర్ ఇంకా మండుతోంది. దాన్ని ఆపి, స్టూలెక్కి, గోడకున్న గాలి కన్నంలో చెయ్యి పెట్టాడు.

ఒక స్వెటర్ వచ్చింది. సోఫా స్పాంజి వచ్చింది. సగం దుప్పటి వచ్చింది. ఇంకాసేపు లాగితే మంచం కూడా వచ్చేదేమో.

"హీటర్ మండాలంటే గాలి ఆడాలి. ఆడకపోతే విషవాయువు పుడుతుంది. దానికి వాసనుండదు. ఈ స్వెటర్ ఎవరిది?"

ఓనరు తలెత్తలేదు. "నాదే సార్. ఇంకొక్కసారి చలిగాలి తగిలితే ఖాళీ చేస్తామన్నారు. నిన్న వీళ్ళు బజారుకెళ్ళినప్పుడు..."

కేసు పెట్టక తప్పదన్నాడు ఇన్‌స్పెక్టర్. ఓనరు సరేనన్నాడు, పెట్టకపోతేనే బాగోదన్నట్టు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆస్పత్రిలో ఇంజనీరు కళ్ళు తెరిచాడట.

ఓనరమ్మ గోడకి జారబడి ఏడ్చేసింది. ఓనరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇల్లు ఖాళీ చేస్తానన్నాడా సార్?"

ఇన్‌స్పెక్టర్ తుమ్మాడు.

ఇంజనీరు భార్య పరీక్షలకి ఆస్పత్రికి బయల్దేరింది, సామానంతా సర్దుకుని. సూట్‌కేసులు ఓనరే మోశాడు. కారులో పెట్టాడు. డోరు వదల్లేకపోయాడు.

"అమ్మా, రాత్రి మాత్రం చలి వెయ్యలేదు కదమ్మా?"

ఆమె ఆయన వేళ్ళని డోరు మీంచి మెల్లగా తప్పించింది.

"వెయ్యలేదు బాబాయిగారూ," అని డోరేసుకుంది.